బావమరిది పోసిన గేర్ ఆయిల్

1978 చలికాలం. నంద్యాల బస్టాండుకు కొంచెం ఎడంగా నాకు మోటారు సైకిళ్ల రిపేరు షాపు ఉండేది. షాపంటే ఒక గది, ముందు రేకుల పంచ. పగలు అందులోనే పని, రాత్రి అందులోనే పడక. నా భార్య హుసేన్‌బీ ఆళ్లగడ్డలో మా అమ్మ దగ్గర ఉండేది. మాలాంటి పనివాళ్లకు పండగకు తప్ప ఇంటికి పోయే అలవాటు లేదు. బెంగ లేదా అంటే, ఎందుకు లేదూ! సాయంత్రం కిరోసిన్‌తో చేతులు కడుక్కునేటప్పుడు ఆమె గుర్తుకొస్తే అన్నం సహించేది కాదు.

ఒక శనివారం మధ్యాహ్నం దానియేలు అయ్యవారు బండి తోసుకుంటూ వచ్చాడు. ఆయన నంద్యాల బడిలో టీచరు, ఆయన భార్య చాగలమర్రి ఆసుపత్రిలో నర్సు. వారానికొకసారి ఆ బండి మీదే ఆమెను చూడటానికి పోయేవాడు.

"క్లచ్ పట్టుకున్నా బండి ముందుకే దూకుతాంది ఖాసిమన్నా. న్యూట్రల్ పడదు. రెండు తూర్లు ప్లేట్లు మార్పించినా. పోయిన వారం శిరివెళ్ల దాటలేక ఎనక్కి వచ్చినా. మా ఇంటామె ఆసుపత్రి గేటుకాడ చీకటి పడేదాంక నిలబడుకోని ఉండెనంట."

నేను ప్లేట్ల జోలికి పోలేదు. కింది బోల్టు విప్పి ఆయిల్ దించాను. అది కారితే గదా! సాగుతూ దిగింది.

"ఏంది అయ్యవారూ, ఇది ఆయిలా, బెల్లం పాకమా?"

"మా బావమరిది పోసినాడన్నా. శిరివెళ్లలో వాళ్లకు ట్రాక్టరుంది. పోయినప్పుడల్లా దాని గేర్ ఆయిల్ డబ్బా తెచ్చి, చిక్కగుంటే గేర్లు అరగవు బావా అని నింపుతాడు. వద్దంటే అలుగుతాడు."

"బాగుంది! అల్లునికి నెయ్యి పోసినట్టు బండికీ పోసినారు."

ఆయిల్ చిక్కదనానికి నంబరు ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ చిక్కన. ట్రాక్టరు గేర్‌బాక్సుకు నూట నలభై నంబరు సరిపోతుంది, దాని క్లచ్ వేరే చోట పొడిగా ఉంటుంది. అయ్యవారి బండిలో మాత్రం క్లచ్ ప్లేట్లు, గేర్లు ఒకే ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. అంత చిక్కని దాంట్లో ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని, క్లచ్ పట్టినా విడిపోవు. చలికాలం మరీ మొండికేస్తాయి. ఇంతకుముందు ప్లేట్లు మార్చిన మహానుభావులు ఆ ఆయిల్‌నే తిరిగి పోశారు.

ప్లేట్లు విప్పి పెట్రోలుతో కడిగి, నలభై నంబరు పోశాను. కొంత దూరం నడిపితే గాని సంగతి తెలియదు. శిరివెళ్ల దాకా పోయి చూద్దాం, నేను బస్సులో తిరిగొస్తానని వెనక ఎక్కాను. శిరివెళ్లలో ఆపి కాలి మొన తాకించగానే న్యూట్రల్ పడింది. అయ్యవారు చిన్నపిల్లాడిలా నవ్వాడు.

నేను దిగబోయాను. "ఈడ దిగి ఏం చేస్తావన్నా? ముందర ఆళ్లగడ్డే గదా. మీ ఇంటామె ఆడనే గదా ఉండేది?"

"పండగ కూడా కాదు. ఏమని పోయేది సార్?"

"నేనేం పండగని పోతాండా?"

నాకు దిగబుద్ధి కాలేదు.

ఆళ్లగడ్డలో మా వీధి మొదట్లో నన్ను దించి ఆయన చాగలమర్రికి సాగిపోయాడు. గ్రీజు మరకల చొక్కాతోనే పోయి తలుపు తట్టాను. హుసేన్‌బీ తలుపు తీసి తెల్లబోయింది.

"ఏమైంది? ఎవురు పోయినారు?" అంది.

"ఎవురూ పోలేదు. నిన్ను చూద్దామని వచ్చినా."

ఆమె నమ్మలేదు. నా మొహంలోకి చూసి, అక్కడే గడప మీద కూలబడి ఏడ్చింది.

ఏ బండికి ఏ నంబరు ఆయిల్ పోయాలో నాకు అంతకుముందే తెలుసు. మొగుడు ఊరికే ఇంటికొస్తే చావు కబురేమోనని పెళ్లాం హడలిపోయేంత దూరంగా బతకకూడదని మాత్రం ఆ బండి వల్లే తెలిసింది. ఆ తర్వాత ఆమె బతికి ఉన్నన్నాళ్లూ ఏ శనివారం రాత్రీ నేను నంద్యాలలో పడుకోలేదు. ఇప్పుడామె లేదు. శనివారం మధ్యాహ్నమైతే ఇప్పటికీ నాకు కాలు నిలవదు.