కాలు నిలవని టేబుల్

మా రిజిస్ట్రార్ హేమసుందర్ గారి టేబుల్ ఒక్కచోట నిలవదు. జెడ్డా శివార్లలో మా యూనివర్సిటీ ఇంకా రేకుల క్యాబిన్లుగా ఉన్నప్పుడు చేరిన తొలి ఉద్యోగి ఆయన. ఇప్పుడు పెద్ద పెద్ద బిల్డింగులొచ్చాయి, ఆ టేబుల్ ఎక్కని బిల్డింగు లేదు. మోసే ఖర్మ సెక్రటరీనైన నాది.

“ఈసారి ఎక్కడికండీ?”

“లైబ్రరీ వెనక స్టోర్ రూముకి, మనోహర్. ఇక్కడ మనసు నిలవట్లేదు.”

మనసు నిలవనివాళ్లు ధ్యానం చేసుకుంటారు గానీ స్టోర్ రూముకి కాపురం మారుస్తారా? సంతకాల కోసం వచ్చే ప్రొఫెసర్లు క్యాంపసంతా గాలించి, చివరికి నన్ను తిట్టి పోయేవాళ్లు.

ఆగస్టులో మరీ శ్రుతి మించింది. గేటు పక్కన, మిట్టమధ్యాహ్నం కూలీలు ఎండకు తలదాచుకునే క్యాబిన్‌లో ఏసీ చచ్చి నెలయింది. మెయింటెనెన్స్ ఫారూఖ్‌ని ఎప్పుడడిగినా ‘బుక్రా’, అంటే రేపు. అక్కడే కూలీ బుచ్చన్న సొమ్మసిల్లి పడిపోయాడు. ఆ మర్నాడే యూనివర్సిటీ లైసెన్సు రెన్యూవల్‌కి మినిస్ట్రీ వాళ్ల రాక. సరిగ్గా ఆ పొద్దునే మా సారు టేబుల్ ఆ క్యాబిన్‌కి మార్చమన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. “వాళ్లని కూలీల మంచాల మధ్య కూర్చోబెడతారా? మన పరువు గంగలో కలుస్తుందండీ.”

“ఎర్రసముద్రంలో కలుస్తుందిలే, అదే దగ్గర. అటువైపు పట్టుకో.”

లోపల పెనం మీద నిలబడ్డట్టుంది. బుచ్చన్న కంగారుగా లేచాడు. “సారు, గీడ ఉడుకుతది. మీరు పైకి పోండ్రి.”

“నువ్వు పడుకో. ఇది నా ఆఫీసు,” అని ఆయన ఫోన్ తీశారు. “ఫారూఖ్ భాయ్, రిజిస్ట్రార్ ఆఫీస్ మే ఏసీ బంద్ హై. మినిస్ట్రీ వాలే ఆ రహే హై.”

బుక్రా గారు టీ చల్లారేలోపు కొత్త ఏసీతో ఊడిపడ్డాడు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. మేం స్టోర్ రూములో దిగాకే అక్కడి అటెండర్లకు లైట్లొచ్చాయి. హాస్టల్ వెనక దిగాకే ఊడ్చేవాళ్లకు చల్లటి మంచినీళ్లొచ్చాయి. రిజిస్ట్రార్ ఆఫీసులో ఏ లోపమున్నా ఆ రోజే బాగుచేయాలన్నది మా యూనివర్సిటీ రూలు. తొలి ఉద్యోగిగా ఆ రూలు రాసింది కూడా ఈయనే.

“ముందే చెప్పొచ్చు కదండీ?”

“చెబితే నువ్వు కంప్లైంట్ రాస్తావు. అది ఫారూఖ్ డ్రాయర్లో నిద్రపోతుంది.”

మినిస్ట్రీ వాళ్లు చల్లగా కూర్చుని, టీ తాగి, లైసెన్సు పొడిగించి వెళ్లారు. వాళ్లటు వెళ్లగానే బుచ్చన్న మెల్లగా అన్నాడు. “సారు, మా బాత్రూంల గూడ నీళ్లు వస్తలేవు.”

సారు లేచారు. ఆయన అడగకముందే నేను టేబుల్ పట్టుకున్నాను, ఇంత ఇష్టంగా దాన్ని ఎప్పుడూ పట్టుకోలేదు.

ఏసీ చూసుకుంటూ అక్కడే ఉన్న ఫారూఖ్ దారికి అడ్డంగా నిలబడి, టేబుల్ కదపొద్దని చేతులు జోడించాడు.

“టేబుల్ రహ్‌నే దీజియే, సాబ్. పానీ అభీ ఆయేగా.”