ఏరిన నువ్వులు

మేడమ్ ఏడో సంచి కూడా విప్పి తెల్లకాగితం మీద పోసింది. చూపుడువేలితో నువ్వుల్ని అటూ ఇటూ జరిపింది. మొదటి సంచికి ముఖం చిన్నబోయింది, మూడోదానికి కనుబొమలు ముడిపడ్డాయి, ఏడోదానికి కళ్లజోడు తీసి పక్కన పెట్టేసింది. నేనేమో మెచ్చుకుంటుందని గుమ్మం దగ్గర నిలబడ్డాను. అంత శుభ్రమైన నువ్వులు ఖమ్మం కొట్లలో కూడా దొరకవు మరి.

"మిగతా రంగులేవి?" అంది.

"ఏరేసినం మేడమ్. ఒక్క నల్లది గూడ లేదు, చూడుండ్రి" అన్నాను గర్వంగా.

మేడమ్ హైదరాబాద్ నుంచి వచ్చి, టేకులపల్లి దాటాక రోడ్డు పక్కనుండే మా ఊళ్లో గది కిరాయికి తీసుకుంది. నువ్వుల మీద పెద్ద చదువు చదువుతోంది. అడవి అంచు పల్లెల్లో పాతకాలపు నువ్వులు ఎన్ని రకాలున్నాయో, ఏ ఊరి నువ్వులు ఏ ఊరి నువ్వులకు చుట్టాలో తేల్చడం ఆమె పని. పదో తరగతి తప్పి ఇంట్లో ఉన్న నన్ను ఆ గింజలు తెచ్చిపెట్టడానికి పెట్టుకుంది. ఇంటికి ఒక దోసెడు, ఉన్నవి ఉన్నట్టు తీసుకుని, ఇంటి గుర్తు చీటీ మీద రాసి సంచిలో వెయ్యాలి. బాగా చేస్తే వచ్చే ఏడాది కూడా నేనే అంది. ఇక మిరప తోటల్లో కూలికి పోయే పని లేదని నేను ఊరంతా చెప్పుకున్నాను కూడా.

ఉన్నవి ఉన్నట్టు అన్న మాట నేను వినకపోలేదు. కానీ మా దగ్గర ఇంటి విత్తనం బయటివాళ్ల చేతిలో పెట్టాలంటే చెరిగి, ఏరి పెడతారు. అలాగే ఇచ్చేస్తే ఆ ఇంటి ఆడవాళ్లకు చేట పట్టడం రాదంటారు. ఏ ఇంటికి వెళ్లినా విత్తనాలు దాచే సొరబుర్ర అటక మీంచి దిగగానే దాని వెనకే చేట వచ్చేది. నేనూ చతికిలబడి కబుర్లు చెబుతూ ఏరేదాన్ని. తెల్లవి ఎక్కువున్న ఇంట్లో నల్లవీ ఎర్రవీ తీసేశాం, నల్లవి ఎక్కువున్న ఇంట్లో తెల్లవి తీసేశాం. చూపు ఆనని ఒక ముసలమ్మకైతే మొత్తం నేనే ఏరిపెట్టాను. పదిహేను రోజులు, ముప్పై ఇళ్లు, ఎన్ని టీలు తాగానో లెక్కలేదు.

మేడమ్ కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది. ఒక్కో బుర్రలో ఎన్ని రకాలు కలిసి ఉన్నాయో అదే తనకు కావాలని నెమ్మదిగా చెప్పింది. "ఇవి ఊళ్ల విత్తనాలు కావమ్మా. నువ్వు ఏరిన విత్తనాలు" అంది. తొలకరి పడితే జనం బుర్రలు ఖాళీ చేసి చల్లేస్తారు, గోదావరి వైపు అప్పటికే మబ్బు పట్టింది. ఇంకెవరినైనా చూసుకోవాలేమో ఆలోచిస్తానంది.

నేను నేరుగా మా మేనత్త ఇంటికి పోయి పొయ్యి పక్కన కూర్చుని ముక్కు చీదాను. ఆమె పప్పు కలుపుతూ అంతా విని, ఏరేసినవి ఏం చేశారని అడిగింది. మళ్లీ బుర్రల్లోనే పోశారన్నాను.

"మరి ఏడుపెందుకే పిల్లా? ఏడికి పోయినయ్ అవి? విత్తనం పారబోసే ఆడది మన దిక్కు ఇంకా పుట్టలే. పోయి మళ్ల అడుగు. నోరు లేదా నీకు?"

తన బుర్ర దించి పళ్లెంలో ఒక దోసెడు వంపింది. నల్లవి ఆమె అత్తగారివట. తెల్లవి, పెళ్లయి ఈ ఇంటికి వచ్చేటప్పుడు మా నాయనమ్మ ఆమె కొంగున ముడివేసి పంపినవి. ఎర్రవి కోడలు పినపాక నుంచి తెచ్చుకుంది. మా దిక్కున పిల్లను అత్తారింటికి పంపేటప్పుడు కొంగున విత్తనం కట్టడం మామూలే, నేను దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు.

పళ్లెం పట్టుకుని మేడమ్ దగ్గరికి పరుగెత్తి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను. ఆమె కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. పక్క గూడెంలో తను స్వయంగా చూసిన బుర్రల్లో ఒక్క ఎర్రదీ లేదే, అదేమిటంది.

"ఆళ్లు పినపాక దిక్కు పిల్లను తెచ్చుకోరు మేడమ్. ఆళ్ల చుట్టరికాలన్నీ నేలకొండపల్లి దిక్కే."

"ఏ ఇంటి కోడలు ఏ ఊరిదో నీకు తెలుసా?"

"కోడండ్లయి తెలుసు, అత్తలయి గూడ తెలుసు. తెల్వకుంటే అడుగుత, గదెంత సేపు."

ఎక్కువ మాట్లాడతానని వారం కిందే నన్ను విసుక్కున్న మనిషి పకపకా నవ్వింది. చీటీలో ఇంకో వరుస గీసి, ఇంటి ఆడవాళ్ల పుట్టిన ఊరు కూడా రాయమంది. మొదటిసారి ఏరేశామని తన నోట్‌బుక్‌లో దాచకుండా రాసుకుంది. ముప్పై సంచులూ నాకే తిరిగిచ్చి, ఎవరివి వాళ్ల బుర్రలో కలిపాకే దోసెడు తీయమంది.

మర్నాడు మొదటి బస్సుకే మొదటి ఇంటికి చేరాను. ఆ ఇంటి అక్క బుర్రతోపాటు చేట కూడా పట్టుకొచ్చి, గట్లనే ఇస్తే మా ఇజ్జత్ ఏం గావాలె అంది. చేట అందుకుని వెనక గోడకు ఆనించి, దానికి అడ్డంగా కూర్చున్నాను. సంచిలోవి ఆమె బుర్రలో పోసి, రెండు చేతులా పట్టుకుని గలగలా ఊపి, చూడకుండా ఒక దోసెడు వంపుకున్నాను. పెన్సిల్ తీసి, ముందు మీ అమ్మగారి ఊరు చెప్పక్కా అన్నాను.