నాలుక చూపించిన రోజు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో న్యూయార్క్ రైలెక్కిన కాసేపటికే పక్క సీటు ఆంటీ నా చేతిలోని తెలుగు పుస్తకం చూసింది.

"మనమ్మాయివేనా! ఏంటమ్మా అలా దగ్గుతున్నావు?"

"ఆస్త్మా ఆంటీ. చలి మొదలైతే ఎక్కువవుతుంది."

"చలి వల్ల కాదమ్మా. చైనీస్ మెడిసిన్‌లో ఒక్కో సీజన్‌కి ఒక్కో ఆర్గాన్. ఫాల్ సీజన్, అదే ఆకులు రాలే కాలం వస్తే లంగ్స్ వీక్ అవుతాయి. నేను ఆన్‌లైన్‌లో కోర్స్ చేశాలే. ఏదీ, నాలుక చూపించు."

అప్పటిదాకా ఆవిడ చేగోడీలు తింటోంది. నూనె వేళ్లు ఒక్కొక్కటే నాకి, అదే చేత్తో నా గడ్డం పట్టుకుంది. వద్దనడం నాకు చేతకాదు. నిండిన రైలు పెట్టెలో, అందరి ముందూ నాలుక బయటపెట్టాను. గడ్డం మీద ఆవిడ ఎంగిలి తడి చల్లగా తగిలింది.

"చూశావా, ఎంత తెల్లగా ఉందో! రోజూ పియర్ పండు ఉడకబెట్టుకుని తిను. ఇన్‌హేలర్ మాత్రం ఇవాళ్టితో మానెయ్. మానేస్తావుగా?"

"సరే ఆంటీ" అన్నాను.

తర్వాతి స్టేషన్‌లో ఆవిడ దిగిపోయింది. గడ్డం ఎర్రబడేదాకా రుమాలుతో రుద్దుకున్నాను. న్యూయార్క్‌లో దిగేసరికి ఆయాసం మొదలైంది. ఆవిడ అక్కడ లేదని తెలిసి కూడా, ఒక స్తంభం చాటుకి వెళ్లి దొంగలా ఇన్‌హేలర్ పీల్చాను.

ఆ రోజు డైరీలో ఆవిడను తిడుతూ రెండు పేజీలు రాశాను. సరే అన్న సంగతి మాత్రం రాయలేదు.

ఇప్పటికీ ఆకులు రాలే రోజుల్లో, ఇన్‌హేలర్ బయటికి తీసే ముందు ఒకసారి చుట్టూ చూస్తాను.