సార్ మీసం, నా ఊహ

నా నోటి దురుసుతో ఒక బ్యాంకు ఉద్యోగాన్ని పరీక్ష రాయకముందే పోగొట్టుకోబోయిన కథ చెబుతాను. నవ్వండి, పరవాలేదు. మా అమ్మ ఇప్పటికీ వచ్చిన ప్రతి చుట్టానికీ టీ కంటే ముందు ఇదే అందిస్తుంది.

అప్పటికి రీజనింగ్ పేపర్‌లో రెండుసార్లు బోల్తా పడ్డాను. ముఖ్యంగా ప్రకటన–ఊహ ప్రశ్నల్లో. ఎవరో ఒక మాట అంటారు. పైకి చెప్పకుండా మనసులో ఏది ఖాయం చేసుకుని అన్నారో మనం పట్టుకోవాలి. మా కామాటిపుర పక్కనే, గ్రాంట్ రోడ్‌లో ఒక సార్ ఇవి బాగా నేర్పుతారని విని, అమ్మ కుట్టుపనికి నాగా పెట్టి మరీ నన్ను తీసుకెళ్ళింది. బ్యాచ్‌లో మిగిలింది ఒక్కటే సీటు.

నిగనిగలాడే నల్ల మీసంతో ఉన్న సార్ మరాఠీలో గడగడా ఒక ప్రశ్న వేశారు.

"ప్రకటన: 'కామాటిపుర నుంచి స్టేషన్‌కు తొందరగా చేరాలంటే టాక్సీ ఎక్కు.' ఊహ: నడక కంటే టాక్సీ తొందరగా చేరుస్తుంది. ఆ మాటలో ఈ ఊహ ఉందా?"

"లేదు సార్!" అన్నాను నేనూ మరాఠీలోనే. "ఫోరస్ రోడ్ ట్రాఫిక్‌లో టాక్సీ ఎక్కినవాడు అక్కడే ఉంటాడు. నడిచినవాడు రైలెక్కి, ఇల్లు చేరి, భోంచేసి పడుకుంటాడు."

"తప్పు" అన్నారు సార్.

నాకు ఒళ్ళు మండింది. మా చాల్‌లో, ఆ ఒంటిగది ఇళ్ళ వరుసలో, పెరిగిన తెలుగు పిల్లలం మాలో మేం మరాఠీయే మాట్లాడుకుంటాం. తెలుగును మాత్రం బయటివాళ్ళను వాళ్ళ ముందే తిట్టడానికి దాచుకుంటాం. అమ్మ వైపు తిరిగాను.

"అమ్మా, గీయన ఎన్నడన్న ఫోరస్ రోడ్ మీద నడిచిండా? మీసానికి రంగేసుడు తప్ప ఏం తెల్వదే గీయనకు. లే, పోదం!"

"సప్పుడు జెయ్యకుండ కూసో" అని అమ్మ నా తొడ మీద గిల్లింది.

"కూసో బిడ్డా" అన్నారు సార్ కూడా. నాకంటే చక్కటి పాలమూరు తెలుగులో! "ఇంకో ప్రశ్న. ప్రకటన: 'మీసానికి రంగేసుడు తప్ప ఈయనకేం తెల్వదు' అని ఒక పిల్ల సార్ ముంగటనే అన్నది. ఊహ: సార్‌కు తెలుగు రాదు. ఆ మాటల ఈ ఊహ ఉన్నదా?"

సీటు పోయిందనుకున్నాను. అమ్మ ముఖం చూసే ధైర్యం లేదు.

"ఉన్నది సార్."

"గది నిజమేనా?"

"కాదు సార్."

"నిజం గాకున్నా ఉన్నది గదా! టాక్సీ సంగతి గూడ గంతే. అన్నోడు నమ్మితే సాలు."

అమ్మ ముందుకు జరిగింది. "మీది కామాటిపురల ఏ గల్లీ, అన్నా?"

"మన తెలుగోళ్ళ పదమూడో గల్లీ, అక్కా."

"మరి ముందుగాలనే సెప్పొద్దా!"

"మీ బిడ్డ ఏడ సెప్పనిచ్చింది?" అని సార్ నా పేరు రిజిస్టర్‌లో రాసుకున్నారు. "రేపు పొద్దుగాల ఏడింటికి రా. నడిచే రా. టాక్సీ ఎక్కితే లేటయితది."

మూడోసారి పరీక్షలో ఒక్క ఊహ కూడా తప్పలేదు. ఇప్పుడు బ్యాంకు కౌంటర్‌లో హాయిగా కూర్చుంటున్నాను. అయినా సీటు దొరికిన ఆ రోజే దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించి ఒట్టు పెట్టుకున్నాను: ఎదుటి మనిషి ఏ భాష మాట్లాడినా సరే, వాళ్ళది ఏ గల్లీయో తెలుసుకోకుండా తెలుగులో ఒక్క తిట్టు కూడా తిట్టను.

తెలుసుకున్నాక తిడతానన్నమాట అంటారా? అది మీ ఊహ.