నీళ్ళు పోసే చెయ్యి

మా బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి రిబ్బను కత్తిరించడానికి వచ్చినవాళ్ళంతా మగవాళ్ళే. వాళ్ళకి టీ కాచింది నేను. రేకు తలుపుకి లోపలో గడియ, మేకలు దూరకుండా బయటో గడియ, పక్క గోడకి కుళాయి, హెడ్మాస్టరు గదిలోని బీరువాలో ప్రభుత్వం పంపిన ప్యాడ్ల పెట్టెలు. ఇక మా అచ్ఛామ్ జిల్లా కొండల్లో ఏ ఆడపిల్లా నెలనెలా బడి మానక్కర్లేదని ఒకాయన ఉపన్యాసం దంచాడు. అందరం చప్పట్లు కొట్టాం. చివర్లో హర్క బహాదుర్ లేచాడు. ఆయన ఊరి నీటి సంఘానికి పెద్ద. బడికి పైపు వెయ్యనిచ్చింది ఆయనే.

"ఇవి దేవుడి ఊటలోంచి వచ్చే నీళ్ళు. బయట చేరిన పిల్ల చెయ్యి కుళాయి మీద పడకూడదు. అంతే, ఇంకేం లేదు," అన్నాడు.

ఇంకేం లేదట! హెడ్మాస్టరు తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు? కాదంటే పైపు తీసేస్తారు. అప్పుడు బడి మొత్తానికి నీళ్ళుండవు.

బిస్నా కథ చెప్పాలంటే ఆ కుళాయి దగ్గరే మొదలుపెట్టాలి. బిస్నా రావల్‌ది మా పక్కిల్లు. అమ్మానాన్నలు దేశం సరిహద్దు దాటి వెళ్ళి ముంబైలో ఏదో హోటల్లో గిన్నెలు కడుగుతారు. ఇక్కడ బిస్నా, దాని చెల్లెలు రూపా, వాళ్ళ నాయనమ్మ ఉంటారు. నాయనమ్మ మాట కరుకు. మనసు కూడా కరుకే, అబద్ధమెందుకు! కానీ ఒక్క విషయంలో మెత్తబడింది. తన కాలంలో బయట చేరిన పిల్ల పుస్తకం ముట్టుకుంటే సరస్వతికి కోపం వస్తుందనేవారు. బిస్నా ఆ మాట వినలేదు. అన్నం మానేసి కూర్చుంది.

"సరేలే, చావు! బడి మనిల్లు కాదు, సర్కారు వాళ్ళిల్లు. పాపం తగిలితే సర్కారుకే తగుల్తుంది," అంది ముసలమ్మ.

అయితే ఒక షరతు పెట్టింది. పదో తరగతి పాసైతే మంగల్‌సేన్ పట్నం వెళ్ళి పదకొండు చదువుకోవచ్చు. తప్పితే మాత్రం సంబంధం చూస్తుంది. ఇక మారుమాట లేదు. ముసలమ్మ చూసిపెట్టిన వాడెవడో కూడా మాకు తెలుసు. వాడిది మా పైవాడ. ముంబైలో వాచ్‌మన్. బిస్నా వాడి పేరు ఎత్తితేనే ఉమ్మేసేది.

షరతు చిన్నదే. కానీ నెలనెలా అన్ని రోజులు బడి మానితే పాసయ్యేదెలా? లెక్కల సారు మొదలుపెట్టిన పాఠం బిస్నా తిరిగొచ్చేసరికి అయిపోయేది. అప్పుడే ఆడపిల్లలు కుళాయికి ఒక ఉపాయం కనిపెట్టారు. కుళాయిని ముట్టుకోకూడదు గానీ, వేరే పిల్ల తిప్పి మగ్గుతో పైనించి పోస్తే ఆ నీళ్ళు వాడుకోవచ్చు. బయట చేరినవాళ్ళు పడుకునే పశువుల కొట్టం దగ్గర మేమంతా చేసేది అదే కదా! దాంతో ఇద్దరిద్దరు జత కట్టారు. ఒకతి బయట చేరితే రెండోది నీళ్ళు పోస్తుంది. ఆ రెండోదాన్ని 'చెయ్యి' అనేవాళ్ళు. "ఇవాళ నా చెయ్యి రాలేదే," అని ఒక పిల్ల ఇంకో పిల్లతో అంటుంటే, కొత్తగా వచ్చిన సారు చెయ్యి విరిగిందేమోనని కంగారుపడ్డాడు.

బిస్నా చెయ్యి పన్సరా. నోరుగల పిల్ల. హెడ్మాస్టరు గదిలోకి నేరుగా వెళ్ళి, "సార్, ప్యాడ్లు రెండు పాకెట్లివ్వండి. ఒకటి నాకు, ఒకటి సిగ్గుపడే దానికి," అనేది. ఆయనే తలదించుకుని తాళం తీసేవాడు. పన్సరా ఉన్నంతకాలం బిస్నా బడి మానలేదు. వెనక బెంచీలో ఎవరికీ తగలకుండా కూర్చునేది, అంతే. ఇంటికెళ్ళాక పశువుల కొట్టంలో ఎండుగడ్డి మీద పడుకుని, లాంతరు పెట్టుకుని చదివేది.

నువ్వే పోయొచ్చు కదా నీళ్ళు, అని మీరు అడుగుతారు. నాకు ఆ గొడవ ఆగిపోయి ఏళ్ళయింది. ఆగిపోయింది కాబట్టే బడిలో వంట పని నాకిచ్చారు. పిల్లలందరికీ వండే చెయ్యి అటువైపు పోకూడదని హర్క బహాదుర్ నాకూ ఒక గీత గీశాడు. వంటింటి కిటికీలోంచి కుళాయి కనిపిస్తుంది. చూడ్డం వరకే నా వంతు.

తిహార్ దీపాల పండగ వెళ్ళాక పన్సరా ఒక జీపు డ్రైవరుతో లేచిపోయింది. ఊరంతా దాని తిండి గురించి, తిరుగుడు గురించి మాట్లాడుకుంటుంటే, బిస్నా మాత్రం నా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చింది.

"దానికి మొగుడు దొరికాడు పిన్నీ. నాకు చెయ్యి పోయింది."

"ఇంకెవర్నైనా అడగవే."

"అడిగాను. ఎవరి జత వాళ్ళకే చాలట్లేదు. రెండు రోజులు పోస్తారు, మూడో రోజు విసుక్కుంటారు. మీనా అయితే, 'నీకు నీళ్ళు పోస్తే నాకేమిస్తావ్?' అంది."

"ఏమిస్తానన్నావ్?"

"చెంపదెబ్బ ఇస్తానన్నా."

ఆ కోపంతో ఉన్న ఒక్క దారీ మూసుకుంది. తరవాతి నెల మళ్ళీ పశువుల కొట్టంలోనే ఉండిపోయింది. దాని బుగ్గలు ఆ వారంలోనే లోపలికి పోయాయి. మజ్జిగ చుక్క ఇవ్వరు, నెయ్యి తగలనివ్వరు. ఎండురొట్టె, ఉప్పు, దురదగొండాకు కూర. ముసలమ్మ మాత్రం సంతోషంగానే ఉంది. "చూశావా, బడే నిన్ను వద్దంటోంది," అని రొట్టె దూరంనించి విసురుతూ అంది.

ఆ పైనెల బిస్నా రూపాని చెయ్యిగా పెట్టుకుంది.

రూపా ఆరో తరగతి. ఇంకా కాలేదు కాబట్టి దానికి అంటులేదు, అడ్డులేదు. బక్కపిల్ల, జడలు కూడా బక్కవే. అక్క తల ఊపితే చాలు, తన తరగతిలోంచి వేలు చూపించి పరుగెత్తుకొచ్చేది. నీళ్ళు పోసి, మళ్ళీ పరుగు. దాని సారుకి ఒళ్ళు మండింది. "నీకేమన్నా మూత్రం జబ్బా? గంటకోసారి ఏంటిది?" అని తరగతి మొత్తం నవ్వేలా అడిగాడు. రూపా అవునంది. అక్క సంగతి చెప్పకూడదు కదా! ఆ రోజు నుంచి మగపిల్లలు దాన్ని కుళాయి అని పిలవడం మొదలుపెట్టారు. రెండుసార్లు గుంజీళ్ళు తీసింది. అయినా ఒక్కసారి కూడా నీళ్ళు పోయనని అనలేదు.

"నా పరీక్షలయ్యేదాకానే. తరవాత నీకీ పని ఉండదు," అని బిస్నా దానికి ఎప్పుడూ చెప్పేది. అది నిజమేనని ఇద్దరూ నమ్మారు.

పదో తరగతి పరీక్షలు మా బడిలోనే పెట్టారు. కొండ నిండా గురాంస్ పూలు ఎర్రగా పూసిన రోజులు. పరీక్షకొచ్చిన మాస్టర్లకి వంట, టీ నా పని. హర్క బహాదుర్ బడి కమిటీలో కూడా ఉన్నాడు కాబట్టి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిల్లలు కాపీ కొట్టకుండా చూడ్డానికట. ఆయనకి చదవడమే రాదు.

సైన్సు పరీక్ష రోజు పొద్దున్నే బిస్నా బయట చేరింది. దానికి కంగారేం లేదు, చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది. గంట కొట్టడానికి ముందు ఇద్దరూ కుళాయి దగ్గరికెళ్ళారు. నేను ఉల్లిపాయలు తరుగుతూ కిటికీలోంచి చూస్తున్నాను. రూపా కుళాయి తిప్పింది, మగ్గు నింపింది, వంగి అక్క చేతుల మీద పోసింది. అది వంగినప్పుడు బిస్నా ఒక్కసారిగా దాని గౌను వెనక్కి లాగి చూసింది.

"ఏంటే ఇది?"

"పువ్వుల మీద కూర్చున్నా కదక్కా, దార్లో. గురాంస్ మరక."

"కడుపు నొప్పి ఉందా?"

"పొద్దున్నించీ ఉంది. రొట్టె అరగలేదేమో."

బిస్నా ముఖం నాకు కనిపిస్తోంది. ఆ పిల్ల ఒక్క చూపులో ఎన్ని లెక్కలు వేసిందో! మొదటిసారి అయిన పిల్ల సొంతింటి కప్పు కూడా చూడకూడదు, మగవాళ్ళ కంట పడకూడదు, వెంటనే వేరేవాళ్ళ కొట్టంలో దాచాలి. తీసుకెళ్ళాలంటే బిస్నాయే తీసుకెళ్ళాలి. వెళితే పరీక్ష పోతుంది, పరీక్ష పోతే వాచ్‌మన్ వస్తాడు. పోనీ ఎవరికైనా చెబుదామంటే, ఈ పిల్ల ఇప్పుడే కుళాయి తిప్పింది. ఆ పైపు నీళ్ళే బడంతా తాగుతుంది. వరండాలో హర్క బహాదుర్ కూర్చునే ఉన్నాడు.

గంట కొట్టారు. బిస్నా చెల్లెల్ని మరుగుదొడ్డిలోకి తోసి, బయట గడియ పెట్టింది.

"నేనొచ్చేదాకా మాట్లాడకు. ఏడిస్తే చంపేస్తాను," అంది తలుపుకి నోరు ఆనించి. పరీక్ష గదిలోకి పరుగెత్తింది.

కాసేపాగి టీపొడి పారబొయ్యడానికి వెనక్కి వెళ్ళాను. గీత దాటి రెండడుగులు ముందుకే వేశాను.

"అక్కా?" అంది లోపల్నించి సన్నటి గొంతు.

"నేనే, ధనా పిన్నిని. తలుపు తియ్యనా?"

"వద్దు! అక్క తిడుతుంది." కాసేపు ముక్కు ఎగపీల్చింది. "పిన్నీ, నేను చచ్చిపోతానా?"

"చావవు. అందరికీ అయ్యేదే."

"మరి ఊట ఎండిపోతుందా? నేను తిప్పా కదా."

ఎండదన్నాను. వెళ్ళి ఒక రొట్టె తెచ్చి, తలుపు పైన సందులోంచి లోపలికి వేశాను. లోపల అది ఆ రొట్టె తిందో లేదో తెలియదు. ఎండకి రేకు తలుపు కాలిపోతోంది. ఆ ఇరుకులో, ఆ వాసనలో, పన్నెండేళ్ళ పిల్ల చప్పుడు చెయ్యకుండా కూర్చుంది. తలుపు తీస్తే బిస్నా పరీక్ష పోతుంది, తియ్యకపోతే ఈ పిల్ల ఉడికిపోతుంది. వరండాలోంచి హర్క బహాదుర్ టీ ఏదని అరిచాడు. వెళ్ళి ఇచ్చాను. చక్కెర తక్కువైందన్నాడు.

పరీక్ష అవగానే బిస్నా అందరికంటే ముందు బయటికొచ్చింది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. గడియ తీసింది. రూపా చెమటతో తడిసి, గోడ పట్టుకుని బయటికి వచ్చింది. కాళ్ళమీద మరకలు ఎండిపోయాయి. అక్కని తిట్టలేదు, ఏడవలేదు. కుళాయి వైపు చూసి అడిగింది.

"ఇప్పుడు నాకు నీళ్ళెవరు పోస్తారక్కా?"

బిస్నా చుట్టూ చూసింది. మిగతా పిల్లలు జవాబులు సరిచూసుకుంటూ గేటు వైపు వెళ్ళిపోతున్నారు. నేను గిన్నె వదిలేసి బయల్దేరాను కూడా. నేను గుమ్మం దాటేలోపే బిస్నా కుళాయి మీద చెయ్యి వేసింది. తిప్పింది. మగ్గు నింపి చెల్లెలి కాళ్ళు కడిగింది, ముఖం కడిగింది, దోసిట్లో నీళ్ళు పట్టి తాగించింది. తనూ తాగింది. నన్ను చూసింది. నేను లోపలికి వెళ్ళిపోయాను.

రూపాకి ఇంటికొచ్చే దార్లో అయిందని ముసలమ్మకి చెప్పారు. జరగాల్సినవన్నీ జరిగాయి. రూపా నాయనమ్మ వాళ్ళ చుట్టాల కొట్టంలో కూర్చుంది. ఇక దానికి ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో నేర్పడం, చెయ్యిగా ఎవరిని కుదర్చడం అని బిస్నా నాతో హుషారుగా మాట్లాడేది. ఫలితాలొచ్చాయి. పాసైంది. సైన్సులో మంచి మార్కులు. ఆడవాళ్ళకి నెలనెలా ఎందుకు అవుతుందో రాయమని ప్రశ్న ఇచ్చారట. బొమ్మ గీసి, భాగాలకి పేర్లు పెట్టి, అది రోగం కాదు, పాపం కాదు అని కూడా చివర ఒక వాక్యం రాశానని చెప్పింది. నేను దానికి బెల్లం పెట్టాను. ముసలమ్మ కూడా మాట మీద నిలబడింది. మంగల్‌సేన్ వెళ్ళడానికి సంచి సర్దిపెట్టారు.

వానలు మొదలైన వారంలో హర్క బహాదుర్ బర్రె చచ్చిపోయింది. ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగింది. వానాకాలంలో పశువులు చావడం ఈ కొండల్లో కొత్తేం కాదు. కానీ దేవుడు పూనే ధామీ వణుకుతూ కూర్చుని, ఊట నీళ్ళకి అపచారం జరిగిందన్నాడు. చేసినవాళ్ళు ఒప్పుకునేదాకా ఈ కీడు ఆగదన్నాడు. ఊళ్ళో ఆడపిల్లలున్న ప్రతి ఇల్లూ తలుపులు వేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం బిస్నా నా వంటింటికి వచ్చింది. వానలో తడిసిపోయి ఉంది. మంగల్‌సేన్ జీపు ఎప్పుడని అడిగాను. గుమ్మం దగ్గరే ఆగింది. పొయ్యి దగ్గర కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"పిన్నీ, ఆ బర్రె నా వల్లే చచ్చిందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "సైన్సులో ఏం రాశావే నువ్వు? బొమ్మ గీశానన్నావ్, పాపం కాదని రాశానన్నావ్! నన్నడుగుతావేం?"

"రాశాను."

"మరి?"

"అది పాపం కాదని నాకు తెలుసు పిన్నీ. పుస్తకంలో ఉంది. నిజమే." తడి చున్నీ కొస పిండుతూ నిలబడింది. బయట వాన కురుస్తోంది. ఆ పిల్ల నా ముఖంలోకి చూస్తూ మళ్ళీ అడిగింది.

"నా వల్ల కాదు కదా?"