మేడగది లైన్ ఉంది

బాబాయిగారు పోయారన్న సంగతి నాకు ముందుగా చెప్పింది మనిషి కాదు. నా మ్యాచింగ్ సెంటర్‌లో ఫాల్ దారాల అర మీద కూర్చునే అరచేతంత బిట్‌కాయిన్ మైనింగ్ పెట్టె చెప్పింది. ఆ పొద్దున్న షట్టర్ ఎత్తి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి చూస్తే దాని బుల్లి తెర మీద ‘కనెక్షన్ లేదు’ అని ఉంది. ఒళ్ళు మండింది నాకు. శ్రావణమాసం, తెల్లారితే శుక్రవారం, జాకెట్టు ముక్కల కోసం జనం విరగబడతారు, ఇప్పుడా దీని గోల అనుకున్నాను. అయినా ఆయన నేర్పిన వరసలోనే చూశాను. తీగ గట్టిగా ఉందా? ఉంది. రౌటర్ దీపాలు? పచ్చగానే ఉన్నాయి. ఫోన్లో నెట్? వస్తోంది. పెట్టెలో రాసిన పూల్ చిరునామా, పోర్ట్ నంబరు? అక్షరం మారలేదు. ఆపి, మళ్ళీ పెట్టి, ఐదు నిమిషాలు ఊరుకున్నాను. ఇక ఆయన వరసలో ఆఖరిది ఒక్కటే మిగిలింది, అప్పటికీ పలక్కపోతే తనకి ఫోన్ చెయ్యమని. చేశాను.

పిన్నిగారు ఎత్తారు.

“నువ్వా అమ్మాయ్? మీ బాబాయిగారు లేరమ్మా. తెల్లవారుజామున లేచారు, మేడ మీదికెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. కాఫీ పట్టుకెళ్ళేసరికి...”

ఇంట్లో ఇలా ఉంటే మేడ మీద ఆ మిషన్ మోత ఏంటని ఎవరో మెయిన్ ఆపేశారట. నా పెట్టె కలిసేది ఆ మేడ మీది కంప్యూటర్‌తోనే, అది పలకకపోవడానికి కారణం అదీ. ఫోన్ ఇంకా నా చెవి దగ్గరే ఉంది. ఎదురుగా ఎవరో ఆవిడ చిలకాకుపచ్చ లైనింగ్ అడుగుతూనే ఉంది.

ఆయన నాకు చుట్టం కాదండి. ద్రాక్షారామం పోయే దారిలో మా ఊరి కాలవగట్టు వీధిలో ఉండేవారు. టెలిఫోన్ల శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మా కొట్టుకి మగవాళ్ళు రావడమే తక్కువ. వచ్చినా భార్య చీర ముక్క ఇచ్చి పంపితే బిక్కమొహం వేసుకుని నిలబడతారు. ఈయన మాత్రం దర్జాగా వచ్చి, “అమ్మాయ్, ఎరుపొకటి, పసుపొకటి, నీలం ఒకటి, దారపు ఉండలియ్యి. వెలిసిపోనివి కావాలి,” అన్నారు. ఏ చీరకండీ అని అడిగాను. “చీరక్కాదమ్మా, తీగలకి,” అన్నారు. తీగలన్నీ ఒకేలా ఉంటాయనీ, కంగారులో చెయ్యి పొరబడుతుందనీ, అందుకని తీగకో రంగు దారం, అది పట్టే కన్నం పక్కన అదే రంగు దారం కడతాననీ చెప్పారు. నలభై ఏళ్ళు స్తంభాలెక్కిన మనిషి అలవాటది. రంగు కలపడమే నా వృత్తి కదా, ఆ ముక్కతో ఆయనంటే ఇష్టం పుట్టేసింది.

మీలో చాలామందికి సోలో పూల్ అంటే తెలియకపోవచ్చు. నాకూ తెలీదు. ఆయన చెప్పినట్టే చెబుతాను. బిట్‌కాయిన్ మిషన్లన్నీ ఒక అంకె కోసం ఊహలు వేస్తూనే ఉంటాయి. లోకంలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరి ఊహ తగులుతుంది, దాన్నే బ్లాక్ అంటారు, తగిలినవారికి బిట్‌కాయిన్లు వస్తాయి. మామూలు పూల్‌లో దొరికింది అందరూ పంచుకుంటారు. సోలో పూల్‌లో వెళ్ళే గుమ్మం ఒకటే గానీ ఎవరి అదృష్టం వారిదే. ఆ గుమ్మం బాబాయిగారి మేడగది. అక్కడ ఒక పాత కంప్యూటర్, ఒక రౌటర్, కరెంటు బిల్లుకి జడిసి వేగం సగానికి తగ్గించిన పాత మైనింగ్ మిషన్ ఉండేవి. మాలాంటి నలుగురి బుల్లి పెట్టెలు నాలుగు ఊళ్ళ నుంచి నెట్ మీద ఆ కంప్యూటర్‌కి చేరేవి.

“మనకి తగులుతుందంటారా బాబాయిగారూ?” అని అడిగాను మొదట్లో.

“తగలదమ్మా,” అన్నారు హాయిగా. “తగిలితే ఆశ్చర్యపోదాం. తగలడం మన చేతిలో లేదు. లైన్ ఉండటం మన చేతిలో ఉంది.”

ఆయన రోజు మొదలయ్యేది హాజరుతో. తెర మీద ఒక్కో పెట్టె పేరూ, అది ఎన్ని సెకన్ల క్రితం పలికిందో కనబడేది. కాలవ మీద మంచు ఇంకా విడవకముందే కిటికీ తీసి, పైకి చదివేవారు. “మ్యాచింగ్ సెంటర్ ఉంది. ద్రాక్షారామం ఉంది. శ్రీ ఉంది. పోలవరం... పోలవరం ఇంకా లేవలేదు. మేడగది ఉంది.” మేడగది అంటే ఆయన సొంత మిషన్. అన్నీ చదివాకే కింద నుంచి కాఫీ వచ్చేది. నేనొకసారి ఆ వేళకి వెళ్ళాను. మంచులో ఎదుటి గట్టు కనబడటం లేదు. ఎక్కడో పడవ తోసుకుంటున్న గెడ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఈయన ఊళ్ళ పేర్లు చదువుతుంటే ఆ ఊళ్ళన్నీ నీళ్ళ మీద తేలుతూ వచ్చి కిటికీ దగ్గర ఆగుతున్నట్టే అనిపించింది నాకు. పగటికలలు కనే మనిషిని కాను, అయినా అనిపించింది.

ఇందాకటి జాబితాలో ‘శ్రీ’ అంటే రావులపాలెం అరటి వ్యాపారి. ఆయన కథ చెప్పకపోతే నాకు తోచదు. కొత్త పెట్టె కొన్నారు, కనెక్షన్ కుదరడం లేదు. పూల్ ఎన్నిసార్లడిగినా వద్దంటోంది. బాబాయిగారు ఫోన్ స్పీకర్లో పెట్టారు.

“మీ బిట్‌కాయిన్ అడ్రసు యూజర్‌నేమ్ గడిలో రాశారా అండి?”

“ఆయ్, రాశానండి.”

“ఏం రాశారో మొదట్నుంచీ ఒక్కో అక్షరం చదవండి.”

“ముందు శ్రీకారం అండి, ఆ తర్వాత...”

“ఆగండాగండి. శ్రీకారం ఎందుకండీ?”

“భలేవారే! మా తాతగారి కాలం నుంచీ శ్రీ చుట్టకుండా పద్దు మొదలెట్టింది లేదండి. డబ్బుకి సంబంధించింది కదా, ఉత్తినే ఎలా రాసేస్తామండీ?”

నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటున్నాను. బాబాయిగారు నవ్వలేదు. నాకేసి చూసి వేలు చూపించి, ఎంతో మర్యాదగా, “తప్పేం లేదండి. కానీ పూల్‌వాడికి అడ్రసు ముందు ఇంకేం ఉండకూడదు. అడ్రసు అయ్యాక చుక్క పెట్టి పెట్టె పేరు రాస్తాం. శ్రీని అక్కడ పెట్టుకోండి. అక్కడ పెట్టినా చల్లగానే చూస్తుంది,” అన్నారు. నిమిషంలో పెట్టె పలికింది. అవతలాయన ఆనందం చూడాలి, బ్లాక్ దొరికిందనే అనుకున్నాడు పాపం.

మనిషిని తక్కువ చెయ్యకుండా తప్పు సరిచేసే ఆ నేర్పు నాకు అబ్బలేదు. నాది ముక్కు మీద కోపం. ఐదు నిమిషాలు ఊరుకోవడమంటే నాకు ప్రాణం మీదికొస్తుంది. పెట్టె ఆగితే పదిసార్లు ఆపి పెట్టేసేదాన్ని. “అది లేచి మొహం కడుక్కుంటోంది, నువ్వు మళ్ళీ పడుకోబెట్టేస్తున్నావు,” అనేవారు. ఒకసారి కోపమొచ్చి ఫోన్ పెట్టేశాను కూడా. ఐదు నిమిషాలకి ఆయనే చేశారు. “ఊరుకున్నావా? పలికిందా?” పలికింది మరి.

వానాకాలం ఆయన తువ్వాలు ఆరేది కాదు. మిషన్ వెనక నుంచి వెచ్చటి గాలి వస్తుంది కదా, దానికెదురుగా పాత టెలిఫోన్ తీగ ఒకటి కట్టి దాని మీద ఆరేసుకునేవారు. నన్నోసారి ఆ మిషన్ దగ్గర చెవి పెట్టమన్నారు. మోత తప్ప ఏం వినబడలేదన్నాను. వరదల్లో గట్ల వెంట నడిచి, మునిగిన ఊళ్ళ స్తంభాలెక్కి, తీగకి ఫోన్ తగిలించి వినేవారట ఆ రోజుల్లో. అవతల ఎవరూ ఉండరు. సన్నటి హోరు ఒకటి వినబడేదట, నీళ్ళదో గాలిదో. “ఎవరూ మాట్లాడకపోయినా లైన్ ఉంటుందమ్మాయ్. అది వింటే చాలు, ఆ రోజుకి అన్నం సయించేది,” అన్నారు.

పోవడానికి మూడు రోజుల ముందు ఫోన్ చేశారు. “ఒకసారి పైకొచ్చి మొత్తం ఆపి, నీ చేత్తో నువ్వే పెట్టి చూడు. నేను నోరెత్తను,” అన్నారు. శ్రావణమాసం అయ్యాక వస్తానన్నాను. కసిరినట్టే అన్నాను. ఆ మాట ఇప్పటికీ ములుకులా గుచ్చుకుంటుంది. వెళ్ళి ఉండాల్సింది. గంట కొట్టు మూస్తే కొంపలేం మునుగుతాయి?

పదకొండో రోజు పిన్నిగారే పిలిచారు. ఆవిడ అన్నగారు తణుకు తీసుకెళ్ళిపోతానంటున్నారు. మైల తీరింది, మెయిన్ వేశారు, అయినా మేడ మీద ఏదీ పనిచెయ్యడం లేదు. మిషన్ ఫ్యాన్ లేస్తుంది, నిమిషంలో పడుకుంటుంది. పాడైన సామానని పాతసామాన్ల ఆటోని సాయంత్రానికి రమ్మన్నారు అన్నగారు.

“నేనెక్కడికీ వెళ్ళనమ్మా,” అన్నారు పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని. “ఆ మోత ఆగిన కాడ్నుంచీ నాకు చెవులు పోయినట్టుంది. ఇల్లు ఇల్లులా లేదు. ఎలాగైనా పలికించు. పలికితే నేనిక్కడే ఉంటానని అన్నయ్యతో చెప్పగలను. లేకపోతే ఏమని చెప్పను?”

అన్నగారు చెడ్డవారు కాదు. “చెల్లెలు ఒంటరిగా ఈ పెట్టెల మధ్య ఏం చేస్తుందమ్మా? పాడైతే ఎవరు చూస్తారు?” అన్నారు.

“నేను చూస్తానండి,” అనేశాను. నోరు జారినట్టే అనేశాను.

వరసలో చూశాను. తీగలన్నీ గట్టిగానే ఉన్నాయి. దీపాలు వెలుగుతున్నాయి. కంప్యూటర్ మాత్రం నెట్ లేదంటోంది. నెట్ కుర్రాడికి చేస్తే లైన్ బాగానే ఉంది మేడమ్ అన్నాడు. ఆపి పెట్టాను. ఊరుకున్నాను. మళ్ళీ ఆపి పెట్టాను. మధ్యాహ్నం దాటింది, వాన మొదలైంది. ఆఖరిది మిగిలింది. ఫోన్ చెయ్యడానికి ఆయన లేరు. అక్కడే కూలబడి ఏడ్చాను.

పిన్నిగారు మజ్జిగ తెచ్చి నా పక్కన కూర్చున్నారు. “ఎంత శుభ్రంగా తుడిచానమ్మా నిన్న. అన్నీ ఊడదీసి, పసుపునీళ్ళు చల్లి, తడిగుడ్డ పెట్టి... మాసిపోయిన దారాలు కూడా అన్నీ విప్పి పారేశాను. మైల దారాలు ఉంచకూడదు కదా.”

చప్పున కళ్ళు తుడుచుకుని చూశాను. దారాల్లేవు. మూడూ ఒకే నీలం రంగు తీగలు. దేన్ని ఏ కన్నంలో పెట్టారో ఆవిడకి తెలీదు, నాకూ తెలీదు. గట్టిగా మాత్రం పెట్టారు. సొరుగులో ఆయన నోటు పుస్తకం దొరికింది. మొదటి పేజీలోనే ఉంది: ‘పసుపు, బయటి నుంచి వచ్చేది, విడిగా ఉన్న కన్నం. ఎరుపు, కంప్యూటర్. నీలం, మిషన్.’ వానలో తడుస్తూ కొట్టుకి పరిగెత్తి అవే మూడు ఉండలు తెచ్చాను. తీగల వెంట చూసుకుంటూ వస్తే, రౌటర్‌లో కంప్యూటర్‌కి పోయే కన్నంలో బయటి నుంచి వచ్చే తీగ ఉంది. మార్చి, దారాలు కట్టి, ముడులు పిన్నిగారి చేత వేయించాను.

నెట్ వచ్చింది. కానీ కంప్యూటర్ పదకొండు రోజులు వెనకబడి ఉంది. లోకంలో ఈలోగా దొరికిన బ్లాకులన్నీ తెచ్చుకుని చదువుకుంటే గానీ పూల్ తలుపు తియ్యదు. ఎంతసేపని పుస్తకంలో వెతికితే, ‘తొందర వద్దు. ముట్టుకోకు’ అని రాసి, కింద గీత గీసి ఉంది. ఆ గీత నా కోసమే గీశారని నాకు తెలుసు.

గుమ్మంలో ఆటో వచ్చి ఆగింది. అన్నగారు మెట్ల మీద నిలబడి, “ఏమంటావమ్మా?” అన్నారు.

“ఇంకాస్సేపు ఊరుకోండి మావయ్యగారూ. నేనూ ఊరుకుంటున్నాను,” అన్నాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నా జీవితంలో అంత కష్టమైన పని చెయ్యలేదు. వాన కాలవ మీద సన్నగా పడుతోంది. ఎదుటి గట్టు కరిగిపోయింది.

తర్వాత మిషన్ లేచింది. ఒక నిమిషం అయింది, రెండయ్యాయి, పడుకోలేదు. తెర మీద పేర్లు రావడం మొదలెట్టాయి. ఆయన లేరని ఆ పెట్టెలకి ఎవరు చెప్పారు? పదకొండు రోజులుగా నాలుగు ఊళ్ళలో కూర్చుని ఆ తలుపు తడుతూనే ఉన్నాయి. పైకి చదివాను. “మ్యాచింగ్ సెంటర్ ఉంది. శ్రీ ఉంది. ద్రాక్షారామం ఉంది. పోలవరం... పోలవరం కూడా ఉంది.” ఆఖరి పేరు మీద వేలు పెట్టాను.

“మేడగది ఉంది,” అన్నారు వెనక నుంచి పిన్నిగారు. రోజూ కింద వంటింట్లో నుంచి ఆ హాజరు విన్నారు కదా, ఆవిడకి వరస తెలుసు.

అన్నగారు కిందికి దిగి ఆటోని పంపించేశారు. పిన్నిగారు మూలనున్న బకెట్లోంచి నిన్న ఉతికిన ఆయన తువ్వాలు తీశారు. ఆరెయ్యనే లేదు. దాన్ని గట్టిగా పిండి, దులిపి, టెలిఫోన్ తీగ మీద వేశారు. వెచ్చటి గాలికి అది మెల్లగా ఉబ్బి, అక్కడ ఎవరో నిలబడినట్టు భుజమంత ఎత్తున ఆగింది. దీపం పెట్టే వేళవుతున్నా మేమిద్దరం కిందికి దిగలేదు. అది ఆరేదాకా అక్కడే కూర్చున్నాం.