మళ్ళీ వెళ్ళి చెప్పి వచ్చిన మామ

మా మేనమామ పోయాడని కబురు వచ్చేసరికి నేను కురిచేడులో మా పెరట్లో మిరపకాయలు ఎండబోస్తున్నాను. బజారులో టెలిఫోను బూత్ నడిపే అతను సైకిలు దిగకుండానే, "మార్కాపురం నుంచి మీ మామ కోడలు ఫోను చేసిందమ్మా. పొద్దున కాఫీ తాగి పడుకున్నాడంట, మళ్ళీ లేవలేదంట" అని చెప్పి వెళ్ళిపోయాడు. చేతులనిండా కారం. కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు.

మధ్యాహ్నం రైలెక్కాను. సీటు ఖాళీగానే ఉంది, కూర్చోలేకపోయాను. తలుపు దగ్గరికి పోయి నిలబడటం, మళ్ళీ రావడం. ఎదుటి సీటులో ఉన్న ఆమె చూసి చూసి, "ఏందమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడిగింది.

"మా మామ పోయినాడు" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఇంటికి చేరేసరికి మామను వసారాలో చాప మీద పడుకోబెట్టారు. నాకు ఏడుపు కంటే ముందు కంగారు పుట్టింది. ఆయన అంతసేపు కదలకుండా ఉండటం నేనెప్పుడూ చూసి ఎరగను.

మామకు కుదురంటే తెలియదు. మార్కాపురం బజారులో ఆయనకు బట్టల దుకాణం ఉండేది. మిగతా షావుకార్లు దిండుకు ఆనుకుని కూర్చుంటే, ఆయన గుడ్డ కొలుస్తూ కూడా కాలు మార్చి కాలు మీద నిలబడేవాడు. అన్నం తింటూ లేచి వీధిలోకి తొంగిచూసి వచ్చేవాడు. పెళ్ళికి పోతే తాళి కట్టేలోపు ఊరంతా ఒక చుట్టు చుట్టి వచ్చేవాడు. "వీడు కడుపులో ఉన్నప్పుడు కూడా నన్ను పడుకోనియ్యలే" అనేది మా అవ్వ.

దుకాణంలో ఆయన నోరు కూడా అంతే, ఊరుకునేది కాదు. ఒకసారి గిద్దలూరు నుంచి వచ్చిన ఒకామె ఎర్ర చీర ఏరుకుంది. "అది వద్దు తల్లీ, రంగు దిగుతాది. దాంతో ఉతికినవన్నీ ఎర్రగైతాయి" అన్నాడు మామ.

"అట్లయితే అమ్మడానికి ఎందుకు పెట్టినావయ్యా?" అని ఆమె అడిగింది.

మామ దుకాణం ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, లోపలికొచ్చి ఆ రకం చీరలన్నీ తీయించేశాడు. ఈ సంగతి మా తాలూకాలో చాలాకాలం నవ్వుతూ చెప్పుకున్నారు. అదే ఆయన్ని తర్వాత ఒక చిక్కులోకి లాగింది.

అవి ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మేము అప్పటికి కర్నూలు జిల్లా వాళ్ళమే. నాకు పెళ్ళయింది, మావారు గుంటూరులో చదువు ముగించేదాకా మార్కాపురంలోనే పుట్టింట్లో ఉన్నాను. శాసనసభ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. మా వైపు పార్టీ టిక్కెట్టు కోసం ఇద్దరు పోటీపడ్డారు. ఒకరు మా నాయన. వేరుశనగ వ్యాపారం చేసేవాడు, మాటకారి, పదిమందిలో పేరున్నవాడు. రెండో ఆయన పెద్దారవీడు వైపు రైతు.

జనం ఎవరిని కోరుతున్నారో ముందే కనుక్కుని, ఆ మనిషికే టిక్కెట్టు ఇస్తామని పార్టీ వాళ్ళు కర్నూలు నుంచి ఒక పెద్దమనిషిని పంపారు. ఆయనకు మా పల్లెలు తెలియవు. మా ఇంట్లోనే ఇద్దరినీ కూర్చోబెట్టి, "మీరిద్దరూ నమ్మే మనిషి ఎవరన్నా ఉంటే ఊళ్ళు తిరిగి అడిగి రమ్మందాం" అన్నాడు.

ఆ రైతే ముందు నోరు విప్పాడు. "బట్టల దుకాణం ఆయన్ని పంపండి."

"ఆయన వీరి బావమరిది కదా?"

"అయితే ఏంది? సొంత దుకాణంలో చీరకే రంగు దిగుతాదని చెప్పిన మనిషి. నాకేం భయంలేదు."

మా నాయన ముఖం వెలిగిపోయింది. టిక్కెట్టు చేతికొచ్చినట్టే అనుకున్నాడు.

మామ మాత్రం వద్దన్నాడు. "నన్నెందుకు ఇరికిస్తారు? నిజం చెప్పినా ఇబ్బందే, చెప్పకున్నా ఇబ్బందే" అంటూ మా వసారాలో చాలాసేపు తిరిగాడు. చివరికి ఒప్పుకున్నాడు. కారు వద్దు, పార్టీ మనుషులు వెంట రావద్దు, విన్నది ఇద్దరి ముందే చెప్తాను అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వూ రావాలమ్మా. ఆడోళ్ళకూ ఓటుంది గదా. నేను అడిగితే తలుపు చాటుకు పోయి, మా ఆయన్ని అడగండంటారు" అన్నాడు.

అద్దె ఎద్దుల బండిలో బయలుదేరాం. మొదటి ఊళ్ళో కాఫీ హోటలు ముందు జనం మూగారు. మామ సూటిగా, "టిక్కెట్టు ఎవరికి ఇస్తే బాగుంటాది?" అని అడిగాడు. అందరూ ఒక్క గొంతుతో మా నాయన పేరు చెప్పారు. నాకు ఒళ్ళు పొంగిపోయింది. మామ మాత్రం బండెక్కినప్పటి నుంచి గోళ్ళు కొరుకుతూ కూర్చున్నాడు. ఊరు దాటాక దిగి నడవడం మొదలుపెట్టాడు.

"ఏమైంది మామా? అందరూ నాయన పేరే చెప్పినారు గదా."

"వాళ్ళు చెప్పింది నా ముఖం చూసి. బావమరిది వచ్చి అడిగితే బావ పేరు చెప్పకుంటే ఏం చెప్తారు? మనకు నచ్చే జవాబే రావాలని అడిగితే, అది అడగడం కాదమ్మా, అడుక్కోవడం."

ఆ తర్వాత ఆయన అడిగే తీరే మారిపోయింది. గుంపులో అడగడం మానేశాడు. చేలగట్ల మీదికి పోయి, కలుపు తీసేవాళ్ళ పక్కన వంగి తానూ నాలుగు మొక్కలు పీకుతూ మాట కలిపేవాడు. పేర్లు ఎత్తేవాడు కాదు. "మీకు కష్టమొస్తే ఎవరింటికి పోతారు?" అని మాత్రం అడిగేవాడు. నాకూ అదే మాట నేర్పాడు. "నువ్వెవరి బిడ్డవని అడగకుంటే నీ అంతట నువ్వు చెప్పొద్దు. అడిగితే మాత్రం అబద్ధం చెప్పొద్దు" అన్నాడు.

నల్లమల అడుగున గొర్రెల కాపరుల పల్లె ఒకటి ఉంది. అక్కడ ఒక పెద్దామె గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని దాని కాలిలో ముల్లు తీస్తోంది. పక్కన కూర్చున్నాను.

"కష్టమొస్తే ఎవరి దగ్గరికి పోతారు పెద్దమ్మా?"

"ఎవరున్నారు తల్లీ, కొండకే మొరపెట్టుకుంటాం" అని నవ్వింది. "పెద్దారవీడు దిక్కు రైతు ఉన్నాడు. కోపిష్టోడు. ముందు అరుస్తాడు. అరిచినాక చెప్పులేసుకుని మన వెంట వస్తాడు."

"మార్కాపురం ఆయన?" నాయన అనే మాట నా నోట రాలేదు.

"ఆయన బాగ మాట్లాడతాడు. వానలు లేని ఏడు కారులో వచ్చినాడు. గొర్రెలు పడిపోతున్నాయయ్యా అంటే, గడ్డి పంపిస్తాలే అన్నాడు. దారి చూసినాం, చూసినాం. కారు దిగి ఒక్కసారి మందను చూసింటే మర్చిపోయేటోడు కాదు."

ముల్లు తీసి గొర్రెపిల్లను వదిలింది. అది కుంటుకుంటూ తల్లి దగ్గరికి పోయింది. అప్పుడు ఆమె నన్ను తేరిపార చూసి, "ఇంతకూ నువ్వెవరి బిడ్డవు?" అంది.

చెప్పాను. ఆమె చేతులు పైటకు తుడుచుకుంది. "అడిగినావు గాబట్టి చెప్పినా. ఏమనుకోవద్దు" అంది. అంతే. సంజాయిషీ ఇవ్వలేదు, మాట వెనక్కి తీసుకోలేదు.

గడ్డి సంగతి నాకు గుర్తుంది. ఆ సాయంత్రం నాయన ఇంటికొచ్చి "పాపం, వాళ్ళకు గడ్డి పంపాలి" అని అమ్మతో అనడం విన్నాను. నిజంగానే అనుకున్నాడు. నిజంగానే మర్చిపోయాడు.

తిరుగుదారిలో ఉండబట్టలేక అడిగాను. "మామా, మరి ఏం చెప్తావు?"

"విన్నది చెప్తా."

"నాయన..."

"మీ నాయన మంచోడమ్మా. నా ఓటు ఆయనకే. కానీ వాళ్ళు కనుక్కోమన్నది నా మనసులో మాట కాదు గదా."

మా ఇంటి హాల్లోనే చెప్పాడు. నాయన, రైతు, కర్నూలు పెద్దమనిషి కూర్చున్నారు, మామ నిలబడ్డాడు. పట్నంలో బావకు బలముంది, పల్లెల్లో మాత్రం జనం రైతు వైపే ఉన్నారు, ఎందుకంటే ఆయన పిలిస్తే వస్తాడని వాళ్ళ నమ్మకం, అని నెమ్మదిగా చెప్పాడు. గడ్డి సంగతి దాచలేదు. ఆ రైతు తలవంచుకున్నాడు. మా నాయన కిటికీ వైపు తిరిగాడు. "నా ఇంట్లో నిలబడి నామీదే చెప్పినావు. సంతోషంరా బామ్మర్దీ" అన్నాడు. లోపలి నుంచి అమ్మ వచ్చింది. "పల్లెల్లో వాళ్ళ మీదున్నంత ప్రేమ కూడా అక్క మొగుడి మీద లేదా నీకు?" అంది. మామ ఉత్తరీయం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. దీపావళికి అవ్వ ఒక్కతే రెండిళ్ళకూ తిరిగింది.

ఇంత జరిగాక, టిక్కెట్టు నాయనకూ రాలేదు, రైతుకూ రాలేదు. కర్నూలులో పెద్దల వెంట తిరిగే ఒకాయనకు ఇచ్చారు. మా వైపు ఆయన ముఖం చూసినవాళ్ళు తక్కువ. మామ కర్నూలు వెళ్ళి ఆ పెద్దమనిషిని పట్టుకుని అడిగితే, "మీరు చెప్పింది మేము విన్నాం. వినడం వేరు, చేయడం వేరు" అన్నాడట.

తిరిగొచ్చాక మామకు నిద్రాహారాలు లేవని అత్త వచ్చి మా అమ్మతో గుట్టుగా చెప్పింది. దుకాణం గుమాస్తా మీద వదిలేశాడట. బజారు ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతున్నాడట. ఒకరోజు తనే మా గడప దగ్గరికి వచ్చాడు, లోపలికి మాత్రం రాలేదు. "అమ్మాయ్, మళ్ళీ ఊళ్ళకు పోవాల. వస్తావా?" అన్నాడు.

"ఇప్పుడు అడిగేదేముంది మామా?"

"అడగడానికి కాదు, చెప్పడానికి. మీ మాట పైకి చేరుస్తామని చెప్పి వచ్చినాం. చేరిందో, మధ్యలో ఏమైందో వాళ్ళకు తెలియొద్దా? జవాబు తీసుకుని పారిపోయినోళ్ళమా మనం?"

పార్టీ వాళ్ళు అప్పటికే ఆయన్ని బెదిరించారు. ఎన్నికల ముందు ఇట్లా ఊళ్ళు తిరిగితే పార్టీద్రోహి అంటాం, నీ దుకాణం గడప ఎవరూ తొక్కరు, అన్నారు. నేను అమ్మ ముఖం చూస్తున్నాను. అంతలో లోపలి నుంచి నాయన చొక్కా తొడుక్కుంటూ వచ్చాడు.

"నేనూ వస్తా. నా పేరు చెప్పి ఊళ్ళల్లో ఏం మాట్లాడతావో నా చెవులతో వింటా" అన్నాడు కోపంగా.

మామ గడప దగ్గర పక్కకు జరిగి, "రా బావా" అన్నాడు.

బండిలో నాయన ఒక కొసన, మామ ఒక కొసన కూర్చున్నారు. ఊరూరా మామ దిగి, తాను అడిగినవాళ్ళనే వెతుక్కుంటూ పోయి చెప్పాడు. "మీరు చెప్పింది చెప్పినట్టే చెప్పినా. వాళ్ళు వినలే. ఇంకొకాయన్ని పెట్టినారు. ఓటు మీది, మీ ఇష్టం." ఫలానా వాళ్ళకు వేయమనలేదు, వేయొద్దనలేదు. కొందరు నవ్వారు. ఒకాయన, "ఇది మాకు ముందే తెలుసులే షావుకారూ, నీకే తెలియలే" అన్నాడు. మామ ఆ మాటకూ తల ఊపాడు.

గొర్రెల పల్లెకు చేరేసరికి ఎండ మండిపోతోంది. పెద్దామె మామ చెప్పిందంతా విని, "ఇది చెప్పడానికి ఇంతదూరం వచ్చినావా నాయనా? అడిగిపోయినోళ్ళెవరూ ఇంతవరకు మళ్ళీ రాలే" అంది. అప్పుడు ఆమె చూపు బండి మీద పడింది. నాయన ఇంకా బండిలోనే కూర్చుని ఉన్నాడు. కారు దిగి మందను చూసింటే మర్చిపోయేటోడు కాదని ఆమె అన్న మాట నేను ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. మామ చెప్పాడేమో తెలియదు.

నాయన దిగాడు. చెప్పులు ఇసుకలో కూరుకుపోతుంటే దొడ్డి దాకా నడిచి, కంచె మీద చెయ్యేసి మందను చూశాడు. చాలాసేపు చూశాడు. "మర్చిపోయినానమ్మా" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

ఆమె చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది. ముందు నాయనకే ఇచ్చింది.

ఆ ఎన్నికల్లో కర్నూలు ఆయనే గెలిచాడు. బెదిరించినట్టే కొన్నాళ్ళు మామ దుకాణం పలచబడింది, మళ్ళీ కోలుకుంది. వచ్చిన ఎండాకాలం మా ఇంటి నుంచి గడ్డి బండ్లు ఆ పల్లెకు పోయాయి. నాయన మళ్ళీ టిక్కెట్టు అడగలేదు. అమ్మ తమ్ముడితో మాట్లాడటానికి ఇంకా చాలాకాలం పట్టింది, అదీ అవ్వ మంచాన పడ్డాక.

మామను మళ్ళీ ఎవరూ అభిప్రాయాలు కనుక్కురమ్మని పంపలేదు. టీవీలు వచ్చాక, ఎన్నికల ముందు జనాన్ని అడిగి ఎవరు గెలుస్తారో చెప్పే కార్యక్రమాలు మొదలయ్యాక, ఆయన్ని పట్టుకోవడం కష్టమయ్యేది. తెర ముందు నిలబడి, "అడిగినారు సరే, మళ్ళీ పోయి ఏమైందో చెప్పినారా వాళ్ళకు?" అని కేకలేసేవాడు. మనవళ్ళు నవ్వేవాళ్ళు. పోయినసారి నేను వెళ్ళినప్పుడు కూడా అదే అడిగాడు, నన్నే. "ఎవరన్నా పోయినారా అమ్మాయ్?" నాకు తెలిసి ఎవరూ పోలేదన్నాను. కుర్చీలో అటు కదిలి ఇటు కదిలి, గోడ పట్టుకుని లేచి, వాకిట్లోకి పోయాడు.

చాప మీద ఉన్న మామ దగ్గర కూర్చున్నంతసేపూ నాకు గొర్రెల పల్లె నుంచి తిరిగొచ్చిన మధ్యాహ్నమే కళ్ళలో మెదిలింది. బండి ఎక్కమంటే మామ ఎక్కలేదు. పంచె ఎగగట్టి ముందు నడక మొదలుపెట్టాడు. గాలికి దుమ్ము లేచి ఆయన వీపును కప్పుతోంది, మళ్ళీ విడుస్తోంది. బండిలో నేనూ నాయనా. మామ అంత ఎండలో నడవడం చూసి చూసి, నాయన ముందుకు వంగి బండితోలే అతని భుజం తట్టాడు.

"కొంచెం అదిలించప్పా. మా బామ్మర్దిని అందుకో."

ఎడ్లు పరుగందుకున్నాయి. మామ వెనక్కి తిరిగి చూడలేదు. తెల్ల పంచె ఒకటి దుమ్ములో, మా ముందు, పోతూనే ఉంది.